గృహ కంప్యూటరుకు ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఎంపిక

గృహ కంప్యూటరు రక్షణకు సాధారణంగా రెండు రకాల సాఫ్టువేరులు అవసరమవుతాయి. మొదటిది ఫైర్‌వాల్, రెండవది యాంటీవైరస్. కంప్యూటరుకు, బయటి నెట్‌వర్కుకు మధ్య జరిగే రాకపోకలను గమనించి, అనుమతి లేని వాటిని ఆపివేసే సాఫ్టువేరును లేదా పరికరాన్ని ఫైర్‌వాల్ అంటారు. కంప్యూటరులోనికి చేరిన ఫైళ్ళను, అందులో నడుస్తున్న ప్రోగ్రాములను పరీక్షించి, హానికరమైన వాటిని గుర్తించి తొలగించే సాఫ్టువేరును యాంటీవైరస్ అంటారు. ఫైర్‌వాల్ వీధి గుమ్మం వద్ద కాపలా వంటిది, యాంటీవైరస్ ఇంటిలోపల తనిఖీ వంటిది. ఒకటి ఉన్నదని రెండవదానిని మానుకొనుటకు వీలులేదు.

వీటిని ఎంచుకొనేటప్పుడు ఏ కంపెనీ సరుకు మంచిది అన్న ప్రశ్న మొదట వస్తుంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లోను, ఇతర చోట్ల జరిగిన పెద్ద సంఘటనలను పరిశీలిస్తే, కంపెనీ పేరు కంటే మూడు విషయాలు ఎక్కువ ముఖ్యమని తెలుస్తుంది. అవి: నిర్వాహక వ్యవస్థను (ఆపరేటింగు సిస్టమును) ఎప్పటికప్పుడు నవీకరించుట, ఒకే ఒక యాంటీవైరస్‌ను గడువు తీరకుండా నడుపుట, ముఖ్యమైన ఫైళ్ళకు వేరుగా నకలు ఉంచుకొనుట. ఈ వ్యాసంలో ఈ సాఫ్టువేరుల పనితీరు, చరిత్ర, ఎంపికకు ప్రమాణాలు, తుని వంటి చిన్న పట్టణంలోని ఒక ఇంటికి సరిపడే అమరిక వివరించబడినవి.

హానికర సాఫ్టువేరు రకాలు

వాడుకలో అన్నింటినీ వైరస్ అనే పిలుస్తున్నప్పటికీ, హానికర సాఫ్టువేరులో పలు రకాలు ఉన్నాయి. ఏ రకాన్ని ఏది ఆపగలదో తెలిస్తే ఎంపిక సులభమవుతుంది.

• వైరస్: మరొక ఫైలుకు అంటుకొని, ఆ ఫైలును తెరచినప్పుడు తన నకళ్ళను వ్యాపింపజేసేది.
• వార్మ్: ఎవరూ ఏ ఫైలును తెరవకపోయినా, నెట్‌వర్కు ద్వారా తనంతట తానే ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పాకేది. ఫైర్‌వాల్ ప్రధానంగా ఉపయోగపడేది దీని మీదనే.
• ట్రోజన్: ఉపయోగకరమైన ప్రోగ్రాముగా కనిపించి, లోపల వేరే పని చేసేది. గ్రీకు కథలోని కొయ్యగుర్రం వలన ఈ పేరు వచ్చినది. యజమాని స్వయంగా దీనిని లోపలికి తెచ్చుకుంటాడు కనుక ఫైర్‌వాల్ దీనిని ఆపలేదు.
• స్పైవేర్: నొక్కిన మీటలను, సంకేతపదాలను, చూసిన పేజీలను రహస్యంగా బయటికి పంపేది.
• రాన్సమ్‌వేర్: ఫైళ్ళను గుప్తలిపిలోకి మార్చివేసి, తిరిగి తెరచుటకు డబ్బు అడిగేది. యాంటీవైరస్ ఆ తరువాత దీనిని తొలగించినా, ఫైళ్ళు మాత్రం తిరిగి రావు.

ఫైర్‌వాల్ పనిచేసే విధానం

భవన నిర్మాణంలో ఒక గదిలో పుట్టిన మంట పక్క గదికి పాకకుండా కట్టే గోడకు ఆంగ్లంలో ఫైర్‌వాల్ అని పేరు. తాటాకు ఇళ్ళు వరుసగా ఉన్న పల్లెలో ఒక ఇంటికి నిప్పు అంటుకుంటే వీధి అంతా కాలిపోవుట గోదావరి ప్రాంతంలో పాత తరము వారు ఎరిగినదే. వార్మ్ కూడా అదే విధంగా వ్యాపిస్తుంది. మధ్యలో గోడ ఉన్న చోట ఆగిపోతుంది.

నెట్‌వర్కులో ఉన్న ప్రతి కంప్యూటరుకు పోర్టులు అనబడే ద్వారాలు ఉంటాయి. వీటికి 1 నుండి 65,535 వరకు సంఖ్యలు కలవు. సాధారణ వెబ్ పేజీలకు 80, సురక్షిత వెబ్ పేజీలకు 443, విండోస్‌లో ఫైళ్ళను, ప్రింటరును పంచుకొనుటకు 445 వాడతారు. ఇంటి కంప్యూటరు నుండి బయటికి వెళ్ళిన కోరికకు వచ్చే సమాధానాన్ని ఫైర్‌వాల్ అనుమతిస్తుంది. కోరకుండా బయటి నుండి వచ్చి తలుపు తట్టే దానిని తిరస్కరిస్తుంది.

ఇంటిలో ఫైర్‌వాల్ రెండు చోట్ల ఉండవచ్చు.

1. రౌటరులో: బ్రాడ్‌బ్యాండ్ లేదా ఫైబరు కనెక్షనుతో ఇచ్చే పెట్టె ఇంటిలోని పరికరాలన్నింటినీ ఒకే బయటి చిరునామా వెనుక దాచి ఉంచుతుంది. అందువలన బయటి వారు నేరుగా ఇంటిలోని కంప్యూటరును చేరుట కష్టము. చాలా రౌటర్లలో దీనికి తోడు ఫైర్‌వాల్ కూడా ఉంటుంది.
2. కంప్యూటరులో: విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోను అంతర్గత ఫైర్‌వాల్ ఉన్నది. ఇంటిలోని మరొక కంప్యూటరుకు సోకిన వార్మ్ ఈ కంప్యూటరుకు పాకకుండా ఇది ఆపుతుంది. ల్యాప్‌టాప్‌ను హాస్టలులోను, రైల్వే స్టేషనులోను వాడేటప్పుడు ఇంటి రౌటరు వెంట రాదు కనుక, అప్పుడు ఇదే ప్రధాన రక్షణ.

విండోస్ ఒక కొత్త నెట్‌వర్కుకు కలిసినప్పుడు అది సొంత నెట్‌వర్కా, బహిరంగ నెట్‌వర్కా అన్నది నిర్ణయించవలసి ఉంటుంది. బహిరంగం అని ఎంచుకుంటే ఫైర్‌వాల్ మరింత కఠినంగా పనిచేస్తుంది. సందేహం ఉన్నప్పుడు బహిరంగం అనే ఎంచుకొనుట మేలు. ఇంటిలో ఫైళ్ళను, ప్రింటరును పంచుకొనే అవసరం లేనివారు ఇంటి నెట్‌వర్కుకు కూడా అదే ఎంచుకోవచ్చును.

యాంటీవైరస్ పనిచేసే విధానం

యాంటీవైరస్ నాలుగు పద్ధతులలో పనిచేస్తుంది. ప్రస్తుతం లభించే సాఫ్టువేరులలో చాలావరకు ఈ నాలుగింటినీ కలిపి వాడతాయి.

• గుర్తుల పట్టిక: ఇదివరకే తెలిసిన ప్రతి హానికర ఫైలుకు ఒక గుర్తు తయారుచేసి, కొత్త ఫైళ్ళను ఆ పట్టికతో సరిపోల్చుట. పట్టిక పాతబడితే దీని ఉపయోగం తగ్గిపోతుంది.
• పోలిక: పట్టికలో లేకపోయినా, నిర్మాణంలో పాత వాటిని పోలి ఉన్న ఫైలును అనుమానించుట.
• ప్రవర్తన: ప్రోగ్రాము చేస్తున్న పనిని గమనించుట. ఉదాహరణకు ఒక ప్రోగ్రాము నిమిషంలో వందల ఫోటోలను మార్చుతుంటే అది రాన్సమ్‌వేర్ కావచ్చునని ఆపుట.
• దూర పరీక్ష: అనుమానిత ఫైలు వివరాలను కంపెనీ సర్వరుకు పంపి సమాధానం తెప్పించుకొనుట. దీనికి అంతర్జాల కనెక్షను అవసరం.

యాంటీవైరస్ ఒక్కొక్కసారి మంచి ఫైలును కూడా చెడ్డదిగా భావిస్తుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ విడుదల చేసిన ఒక నవీకరణ, విండోస్ ఎక్స్‌పీలోని ఒక అత్యవసర ఫైలును వైరస్‌గా పొరబడి తొలగించుటతో అనేక దేశాలలో కంప్యూటర్లు మూలపడినవి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక లోపభూయిష్ట నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. అది కార్యాలయాలలో వాడే సాఫ్టువేరు. వైరస్ ఏదీ లేకుండానే అనేక విమానాశ్రయాలలో సేవలు స్తంభించినవి. రక్షణ సాఫ్టువేరుకు కంప్యూటరులో అత్యధిక అధికారాలు ఉంటాయి కనుక దాని లోపము కూడా పెద్ద నష్టాన్నే కలిగిస్తుంది. అవసరానికి మించి ఇటువంటి సాఫ్టువేరులను చేర్చుకొనరాదనుటకు ఇది ఒక కారణం.

చరిత్ర

ఐబీఎం పీసీలకు సోకిన మొదటి వైరస్‌గా పేరుపొందిన బ్రెయిన్ 1986లో పాకిస్తాన్‌లోని లాహోరులో తయారైనది. అది ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. అప్పట్లో వైరస్ ఒక ఊరి నుండి మరొక ఊరికి చేరుటకు నెలలు పట్టేది. 1999లో మెలిస్సా, 2000 మే నెలలో ఐ లవ్ యూ అను వైరస్‌లు ఈమెయిలు ద్వారా కొన్ని గంటలలోనే ప్రపంచమంతా వ్యాపించినవి.

2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ వార్మ్, గృహ ఫైర్‌వాల్ చరిత్రలో ఒక మలుపు. విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ, కొన్నప్పుడు అది పనిచేయని స్థితిలో ఉండేది. బ్లాస్టర్, ఆ తరువాత 2004లో సాసర్, ఏ ఫైలునూ తెరవకపోయినా కేవలం అంతర్జాలానికి కలిసి ఉన్న కంప్యూటర్లకు సోకినవి. 2004 ఆగస్టులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకుతో ఫైర్‌వాల్ మొదటి నుండే పనిచేసే విధంగా మార్చబడినది. దానికి ముందు గృహ వినియోగదారులు జోన్‌అలారమ్ వంటి ఉచిత ఫైర్‌వాల్‌లను వేరుగా తెచ్చుకొని వాడేవారు. ప్రత్యేక ఫైర్‌వాల్ కొనవలెనన్న సలహా ఆ కాలము నాటిది.

యాంటీవైరస్ విషయంలోనూ ఇదే మార్పు జరిగినది. మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అను ఉచిత యాంటీవైరస్‌ను విడుదల చేసినది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి పూర్తిస్థాయి యాంటీవైరస్ డిఫెండర్ పేరుతో విండోస్‌లో భాగమైనది.

భారతదేశంలో 1990ల నుండి ఈ రంగంలో స్వదేశీ కంపెనీలు ఉన్నాయి. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కె7 కంప్యూటింగ్, ముంబైకి చెందిన ఈ-స్కాన్ వాటిలో ముఖ్యమైనవి. కంప్యూటరు భద్రతా సంఘటనలను పర్యవేక్షించే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2004 జనవరిలో ఏర్పడినది.

తెలుగు రాష్ట్రాలలో సంఘటనలు

2017 మే 12న వాన్నాక్రై అను రాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దీని బారిన పడినవి. కంప్యూటర్లను ఆపివేయవలసినదిగా సిబ్బందికి ఆదేశాలు వెళ్ళినవి. తిరుమల తిరుపతి దేవస్థానానికి చెందిన కొన్ని కార్యాలయ కంప్యూటర్లకు కూడా ఇది సోకినది.

వాన్నాక్రై 445వ పోర్టు ద్వారా, విండోస్‌లోని ఒక లోపాన్ని ఉపయోగించుకొని పాకింది. అయితే ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న, అనగా దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసి ఉన్నది. ఆ నవీకరణను స్థాపించుకున్న కంప్యూటర్లకు వార్మ్ ఈ మార్గంలో పాకలేకపోయినది. స్థాపించుకొనని వాటికి, గుర్తుల పట్టికలో వాన్నాక్రై చేరకముందే నష్టము జరిగిపోయినది. నవీకరణ యాంటీవైరస్ కంటే ముందు రావలసిన రక్షణ అనుటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

2019 ఏప్రిల్ చివరిలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్లు రాన్సమ్‌వేర్ దాడికి గురై, వాటి వెబ్‌సైట్ల సేవలకు అంతరాయం కలిగినది. ఇటువంటి సందర్భాలలో సంస్థలను ఆదుకొనేది వేరుగా దాచిన నకలు మాత్రమే. గృహ వినియోగదారుకు కూడా ఇదే వర్తిస్తుంది.

2017 జూలైలో రౌటర్లపై మరొక రకమైన దాడి జరిగినది. ప్రధానంగా కర్ణాటకలో వేల సంఖ్యలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు హానికర సాఫ్టువేరు వలన పనిచేయుట మానివేసినవి. కొన్ననాటి సంకేతపదాన్ని మార్చకుండా ఉంచిన మోడెములే దీనికి గురి అయినవి. సంకేతపదాన్ని మార్చుకోవలసినదిగా సంస్థ వినియోగదారులను కోరినది. కంప్యూటరులో ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా ఈ దాడిని ఆపలేదు.

ఎంపికకు ప్రమాణాలు

ఫైర్‌వాల్

సాధారణ గృహ వినియోగదారుకు నిర్వాహక వ్యవస్థతో వచ్చే ఫైర్‌వాల్, రౌటరులోని ఫైర్‌వాల్ కలిసి సరిపోతాయి. వేరుగా కొనుట దాదాపు అవసరం లేదు. ప్రత్యేక ఫైర్‌వాల్‌లు ప్రతి ప్రోగ్రాము బయటికి వెళ్ళేటప్పుడు అనుమతి అడుగుతాయి. రోజుకు ఇరవైసార్లు అడిగే ప్రశ్నకు ఇంటిలోని వారు చదవకుండానే అవును అని నొక్కుట అలవాటు చేసుకుంటారు. అప్పుడు ఆ ప్రశ్న వలన ప్రయోజనం ఉండదు. ఏ ప్రోగ్రాము ఎక్కడికి సమాచారం పంపుతున్నదో తెలుసుకోగల నైపుణ్యం ఉన్నవారికి మాత్రమే అది ఉపయోగము.

యాంటీవైరస్

యాంటీవైరస్‌ను ఎంచుకొనేటప్పుడు ఈ క్రింది అంశాలు గమనించవలెను.

1. పరీక్షా ఫలితాలు: జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్, బ్రిటన్‌కు చెందిన వైరస్ బులెటిన్ వివిధ సాఫ్టువేరులను పరీక్షించి ఫలితాలను ప్రచురిస్తాయి. ఏవీ-టెస్ట్ రక్షణకు, వేగానికి, వాడుకలో సౌకర్యానికి ఒక్కొక్కదానికి 6 చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. ఒక్క నెల ఫలితం కాక ఏడాది పాటు నిలకడగా ఉన్నదా అన్నది చూడవలెను. మొదటి వరుసలోని సాఫ్టువేరుల మధ్య తేడా సాధారణంగా స్వల్పము.
2. కంప్యూటరు శక్తి: 4 జీబీ లేదా అంతకు తక్కువ మెమొరీ ఉన్న పాత కంప్యూటరులో బరువైన సాఫ్టువేరును పెడితే, నెమ్మదించినదన్న విసుగుతో ఇంటివారే దానిని ఆపివేస్తారు. ఆపివేసిన యాంటీవైరస్ లేనట్లే.
3. గడువు: కొత్త ల్యాప్‌టాప్‌తో ఒకటి రెండు నెలల ప్రయోగాత్మక యాంటీవైరస్ వస్తుంది. గడువు ముగిసిన తరువాత దాని చిహ్నం తెరపై కనిపిస్తూనే ఉంటుంది కాని పట్టిక నవీకరించబడదు. ఉన్నదన్న భ్రమ వలన ఇది ఏమీ లేకపోవుట కంటే ప్రమాదకరము. డబ్బు కట్టదలచుకోనివారు దానిని పూర్తిగా తొలగిస్తే, విండోస్‌లోని డిఫెండర్ తిరిగి పనిచేయుట ప్రారంభిస్తుంది.
4. ధర: మొదటి సంవత్సరం ధర కాక, రెండవ సంవత్సరం ధరను చూడవలెను. దానంతట అదే పొడిగించబడే చందా అయితే బ్యాంకు కార్డు నుండి డబ్బు అడగకుండానే వెళ్ళిపోతుంది.
5. వ్యక్తిగత సమాచారం: కొన్ని ఉచిత సాఫ్టువేరులకు ఆదాయం ఇతర మార్గాలలో వస్తుంది. వినియోగదారులు చూసిన వెబ్‌సైట్ల సమాచారాన్ని అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు అవాస్ట్ కంపెనీ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించవలెనని 2024లో అమెరికా వాణిజ్య సంఘం ఆదేశించింది. ఆ అనుబంధ సంస్థ 2020లోనే మూతపడినది.
6. నవీకరణ మార్గం: 2024 ఏప్రిల్‌లో అవాస్ట్ పరిశోధకులు, ఈ-స్కాన్ నవీకరణలు గుప్తలిపి లేని మార్గంలో వెళ్ళుటను దుండగులు ఉపయోగించుకున్నారని వెల్లడించారు. ఆ లోపం అప్పటికే సరిచేయబడినది. యాంటీవైరస్ కూడా ఒక సాఫ్టువేరే. దాని కొత్త కూర్పు వచ్చినప్పుడు, కేవలం పట్టికను కాక మొత్తం ప్రోగ్రామును నవీకరించవలెను.

రెండు యాంటీవైరస్‌లు

ఒకటి కంటే రెండు ఉంటే రక్షణ రెట్టింపు అవుతుందని పలువురు భావిస్తారు. కాని నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండు ఒకే కంప్యూటరులో ఉంటే, ఒక ఫైలును ఇద్దరూ ఒకేసారి పట్టుకొనుటకు ప్రయత్నించి కంప్యూటరు నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. ఒకదాని పట్టికను మరొకటి వైరస్‌గా భావించవచ్చు కూడా. అందుచేత కాపలాకు ఒకటి మాత్రమే ఉంచవలెను. అనుమానం కలిగినప్పుడు ఒకసారి మాత్రం పరీక్షించి ఊరుకొనే సాఫ్టువేరును రెండవ అభిప్రాయం కొరకు వాడవచ్చును.

నకిలీ యాంటీవైరస్, పైరసీ

2008 నుండి కొన్నేళ్ళపాటు యాంటీవైరస్ 2009 వంటి పేర్లతో నకిలీ సాఫ్టువేరులు విరివిగా వ్యాపించినవి. కంప్యూటరులో వందల వైరస్‌లు ఉన్నాయని భయపెట్టి, వాటిని తొలగించుటకు డబ్బు అడుగుట వీటి పద్ధతి. వెబ్ పేజీ చూస్తుండగా హఠాత్తుగా ఎర్రని హెచ్చరిక కనిపించి, ఒక ఫోను నెంబరుకు పిలవవలసినదిగా చెప్పుట దీనికి తరువాతి రూపం. నిజమైన యాంటీవైరస్ ఏదీ వెబ్ పేజీలో కనిపించి ఫోను చేయమని కోరదు.

డబ్బు మిగులుతుందని అక్రమంగా తెరచిన సాఫ్టువేరులను వాడుట మరొక ప్రమాదం. వాటితో వచ్చే సూచనలలో మొదటిది సాధారణంగా యాంటీవైరస్‌ను ఆపివేయమని ఉంటుంది. 2018 నుండి వ్యాపిస్తున్న స్టాప్ అను రాన్సమ్‌వేర్ ప్రధానంగా ఈ మార్గంలోనే గృహ కంప్యూటర్లకు చేరినది. దాని పాత రకాలకు ఎమ్సీసాఫ్ట్ కంపెనీ 2019లో ఉచిత తాళంచెవి సాఫ్టువేరును విడుదల చేసినది కాని, తరువాతి రకాలలో చాలావాటికి పరిష్కారం లభించలేదు. వేల రూపాయల సాఫ్టువేరు ఉచితంగా దొరికినదని సంతోషించిన ఇంటిలో పెళ్ళి ఫోటోలు, పిల్లల చదువు పత్రాలు శాశ్వతంగా పోవచ్చును.

ప్రభుత్వ ఉచిత ఉపకరణాలు

భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించింది. దీనిని సెర్ట్-ఇన్ నడుపుతుంది. ఇతరుల ఆజ్ఞలకు లోబడి పనిచేస్తున్న కంప్యూటర్లను గుర్తించి, వాటిని శుభ్రపరచే ఉపకరణాలను ఇది ఉచితంగా అందజేస్తుంది. ఈ కేంద్రం ద్వారా అందించబడిన ఉపకరణాలలో కొన్నింటిని సీడాక్ హైదరాబాదు కేంద్రం తయారుచేసినది.

• యూఎస్‌బీ ప్రతిరోధ్: కంప్యూటరుకు పెట్టే పెన్‌డ్రైవులను నియంత్రించుటకు.
• యాప్‌సంవిద్: అనుమతించిన ప్రోగ్రాములు మాత్రమే నడిచే విధంగా కంప్యూటరును అమర్చుటకు.
• ఎం-కవచ్: ఆండ్రాయిడ్ ఫోన్ల రక్షణకు.

ఇవి యాంటీవైరస్‌కు ప్రత్యామ్నాయాలు కావు, దానికి తోడుగా వాడదగినవి.

ఉదాహరణ: తునిలో ఒక ఇంటి అమరిక

తుని కాకినాడ జిల్లాలో తాండవ నది ఒడ్డున, చెన్నై-హౌరా రైలుమార్గం మీద ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇటువంటి పట్టణంలోని ఇంటిలో ఒకే కంప్యూటరును పలువురు వాడుట సాధారణం. తండ్రి దుకాణం లెక్కలకు, డిగ్రీ చదివే కుమార్తె ప్రాజెక్టులకు, తమ్ముడు ఆటలకు వాడతారనుకుందాం. దరఖాస్తుల ముద్రణకు పెన్‌డ్రైవు జిరాక్సు దుకాణానికి వెళ్ళివస్తుంది. కాలేజీ సెలవులలో కాకినాడ హాస్టలు నుండి బంధువుల ల్యాప్‌టాప్ వచ్చి అదే వైఫైకి కలుస్తుంది. ఈ ఇంటికి ప్రమాదం మూడు దారులలో వస్తుంది: పెన్‌డ్రైవు, ఇంటి వైఫై, దిగుమతి చేసుకున్న ఆట. దానికి తగిన అమరిక ఈ విధంగా ఉంటుంది.

1. నిర్వాహక వ్యవస్థ: ముందుగా దీని వయసు చూడవలెను. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మద్దతు ముగిసినది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మాత్రం మరొక సంవత్సరం పాటు అదనపు భద్రతా నవీకరణలు ప్రకటించబడినవి. విండోస్ 11కు సరిపడని పాత యంత్రాన్ని పారవేయనక్కరలేదు, అందులో లినక్స్‌ను స్థాపించవచ్చును. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్, హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన వ్యవస్థ ఈ దిశలో జరిగిన కృషికి ఉదాహరణలు.
2. ఫైర్‌వాల్: విండోస్ ఫైర్‌వాల్ పనిచేస్తున్నదని నిర్ధారించుకోవలెను. ఏదైనా ఆట దానిని ఆపమని కోరితే, మొత్తాన్ని ఆపక ఆ ఒక్క ప్రోగ్రాముకే అనుమతి ఇవ్వవలెను.
3. రౌటరు: కనెక్షను ఇచ్చిన రోజుననే నిర్వాహక సంకేతపదాన్ని, వైఫై సంకేతపదాన్ని మార్చవలెను. బంధువుల కొరకు అతిథి వైఫై సౌకర్యం ఉంటే, దానినే ఇవ్వవలెను.
4. యాంటీవైరస్: డిఫెండర్ చాలును. పెన్‌డ్రైవుల రాకపోకలు మరీ ఎక్కువైతే లేదా తెలుగులోనో, దగ్గరి దుకాణంలోనో సహాయం కావలెననుకుంటే, పరీక్షలలో నిలకడగా ఉన్న ఒక స్వదేశీ లేదా విదేశీ సాఫ్టువేరును కొనవచ్చును. డిఫెండర్‌లో ఎంచుకున్న ఫోల్డర్లను తెలియని ప్రోగ్రాములు మార్చకుండా కాపాడే సౌకర్యం కలదు. అది మొదట పనిచేయని స్థితిలో ఉంటుంది. లెక్కలు, ఫోటోలు ఉన్న ఫోల్డర్లకు దానిని ఏర్పాటు చేసుకోవలెను.
5. ఖాతాలు: ప్రతి ఒక్కరికి వేరు ఖాతా ఇచ్చి, నిర్వాహక అధికారాన్ని ఒక్కరి వద్దనే ఉంచవలెను. అప్పుడు తమ్ముడు తెచ్చిన ఆటను స్థాపించుటకు పెద్దల సంకేతపదం అవసరమవుతుంది.
6. పెన్‌డ్రైవు: బయటి దుకాణం నుండి వచ్చిన వెంటనే తెరవక, మొదట పరీక్షించవలెను. ఫోల్డర్ల స్థానంలో షార్టుకట్లు కనిపిస్తే అది వైరస్ లక్షణం. ముద్రణకు ఇవ్వవలసిన ఒక్క ఫైలును మాత్రమే తీసుకువెళ్ళే వేరొక పెన్‌డ్రైవును ఉంచుకొనుట మంచి పద్ధతి.
7. నకలు: బయటి హార్డుడిస్కులో వారానికి ఒకసారి నకలు తీసి, ఆ వెంటనే డిస్కును కంప్యూటరు నుండి విడదీయవలెను. కలిపి ఉంచిన డిస్కులోని ఫైళ్ళను రాన్సమ్‌వేర్ కూడా చేరగలదు. మరీ ముఖ్యమైన వాటికి మరొక నకలు వేరొక చోట ఉంచవలెను. తుపాను, వరద, పిడుగుపాటు ఎరిగిన కోస్తా ప్రాంతంలో ఇది కంప్యూటరు వైరస్‌ల కొరకు మాత్రమే కాదు.

ఈ ఏడింటిలో తప్పనిసరిగా కొనవలసినది హార్డుడిస్కు ఒక్కటే. యాంటీవైరస్ చందాకు, హార్డుడిస్కుకు రెండింటికీ డబ్బు చాలనప్పుడు హార్డుడిస్కునే కొనుట ఉచితము.

పనితీరును పరీక్షించుట

యాంటీవైరస్ పనిచేస్తున్నదో లేదో తెలుసుకొనుటకు ఐకార్ అను పరీక్షా ఫైలు కలదు. ఇది 68 అక్షరాలు గల హానిలేని ఫైలు. యాంటీవైరస్ కంపెనీలు పరస్పర అంగీకారంతో దీనిని వైరస్‌గా చూపిస్తాయి. దీనిని దింపుకొనుటకు ప్రయత్నించినప్పుడు హెచ్చరిక రాకపోతే యాంటీవైరస్ నిద్రపోతున్నదని అర్థము. అదే విధంగా నెలకు ఒకసారి నకలులోని ఒక ఫైలును తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్ముటకు వీలులేదు.

పరిమితులు

యజమాని స్వయంగా ఇచ్చిన అనుమతిని ఫైర్‌వాల్ గాని, యాంటీవైరస్ గాని కాదనలేవు. బ్యాంకు నుండి మాట్లాడుతున్నామని చెప్పిన వారికి ఓటీపీ ఇచ్చినప్పుడు, దూరం నుండి కంప్యూటరును నడిపే సాఫ్టువేరును వారి మాట మీద స్థాపించినప్పుడు, వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చిన ప్రోగ్రామును ఫోనులో నొక్కినప్పుడు, జరిగేది సాంకేతిక దాడి కాదు, మోసము. ఆ సాఫ్టువేరు చట్టబద్ధమైనదే అయినందున యాంటీవైరస్ మౌనంగా ఉండవచ్చు.

డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఇది దేశవ్యాప్తంగా పనిచేసే సైబరు నేరాల సహాయ కేంద్రం. డబ్బు మోసగాడి ఖాతా నుండి చేతులు మారకముందే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేయుటకు అవకాశం ఉన్నది. కంప్యూటరుకు రాన్సమ్‌వేర్ సోకినట్లయితే ముందుగా నెట్‌వర్కు తీగను, వైఫైని, బయటి డిస్కులను విడదీయవలెను. అడిగిన డబ్బు కట్టినా ఫైళ్ళు తిరిగి వస్తాయన్న హామీ లేదు. గుప్తలిపిలోకి మారిన ఫైళ్ళను తొలగించక దాచి ఉంచుట మంచిది, ఎందుకనగా కొన్ని రకాలకు తరువాతి కాలంలో ఉచిత పరిష్కారాలు లభించినవి.